చీమకుర్తి క్వారీ గుంటల్లో అణు వ్యర్థాలు పూడుస్తారంటన్నారు, అసలు అట్టా కుదురుద్దా?

గెలాక్సీ_చిన్నోడు | చీమకుర్తి
అందరికీ నమస్తే. పొద్దుటి నుంచీ మా చుట్టాల గ్రూపులో ఒక మెసేజ్ తిరగతా ఉంది. వదిలేసిన గెలాక్సీ గ్రానైట్ క్వారీ గుంటల్లోకి కల్పాక్కం అణు కేంద్రం నుంచి అణు వ్యర్థాలు తెచ్చి పోస్తారంట, పైన మట్టి కప్పి చెట్లు నాటతారంట. రాసినోళ్ల పేరు లేదు, తేదీ లేదు, జీవో నంబరు లేదు. అయినా మా పెద్దమ్మ ఫోన్ చేసి "పొలం ఇప్పుడే అమ్మేద్దామా అబ్బాయ్" అంటంది. నేను క్వారీలో సూపర్‌వైజర్‌ని. గుంట సంగతి తెలుసు, రేడియేషన్ సంగతి తెలవదు. తెలిసినోళ్లు చెప్పండి. ఇట్టాంటి సరుకు భూమిలో పెట్టాలంటే ఏమేం చూస్తారు? గుంట ఉంటే చాలా?

రొయ్యలగుంట | కావలి
చాలు తమ్ముడూ. ఈ దేశంలో గుంట కనపడితే చాలు, ఎవడికి తోచింది వాడు పోసి పోతాడు. మా చెరువుల పక్కన కాలవలో ఏమేం కలస్తుండాయో చూస్తే నీకే అర్థమవుద్ది. మెసేజ్ అబద్ధమే కావచ్చు, కానీ రేపు నిజం కాదని ఎవరు హామీ ఇస్తారు?

నిర్వాహకుడు
ఆ మెసేజ్ ఫోటో తీసేశాం. దాన్ని ఇక్కడ మళ్లీ పెట్టొద్దు, పెడితే మనం కూడా దాన్ని మోసినట్టే. చర్చ మాత్రం సాగించండి.

కల్పాక్కం_బాబాయ్ | నెల్లూరు, వేదాయపాలెం
చిన్నోడా, ముందు పెద్దమ్మకి ఫోన్ చేసి పొలం అమ్మొద్దని చెప్పు. తర్వాత ఇది చదువు.

నేను వ్యర్థాల విభాగంలో పనిచేసి రిటైరైనోణ్ణి. మన దేశంలో ఈ సరుకు మూడు దారుల్లో పోతుంది. తక్కువ స్థాయిది, అంటే గ్లౌజులు, తుడిచిన గుడ్డలు, ఫిల్టర్లు, సిమెంట్‌లో కలిపి గట్టిపరిచిన బురద, ఇదంతా ప్లాంటు ఆవరణలోనే, నేలకి దగ్గరలో కట్టిన కాంక్రీటు ట్రెంచుల్లోకి పోతుంది. కొంచెం ఘాటైనది టైల్ హోల్స్ అని భూమిలోకి దించిన ఉక్కు, కాంక్రీటు గొట్టాల్లోకి పోతుంది. వాటి చుట్టూ బోర్లు వేసి నీళ్లు తీసి చూస్తూనే ఉంటారు. ఆ స్థలం మీద కాపలా సుమారు 300 ఏళ్లు ఉండాలన్న లెక్కతోనే కట్టారు. ఆ సరుకులో ఉండే సీజియం 137 అనే రేడియోధార్మిక పదార్థం సగానికి తగ్గడానికి 30 ఏళ్లు. 300 ఏళ్లంటే పది సగాలు, వెయ్యో వంతుకి పడిపోతుంది. ఆ లెక్క అక్కణ్ణుంచి వచ్చింది.

అన్నిటికంటే ఘాటైనది, రియాక్టర్లో వాడిన ఇంధనాన్ని శుద్ధి చేయగా మిగిలే ద్రవం. దాన్ని గాజులో కలిపి కరిగించి స్టీలు డబ్బాల్లో పోస్తారు. ట్రాంబే, తారాపూర్, కల్పాక్కంలో ఆ పని జరుగుతుంది. ఆ డబ్బాలు వేడి తగ్గేదాకా గాలి ఆడే కట్టడాల్లో దశాబ్దాల పాటు ఉంటాయి. వాటిని లోతున శాశ్వతంగా పెట్టే కేంద్రం మన దేశంలో ఇప్పటికి లేదు. 1980ల్లో కోలార్ బంగారు గనిలో వెయ్యి మీటర్ల లోతున ఒక గదిలో హీటర్లు పెట్టి, వేడికి రాయి ఎట్టా ప్రవర్తిస్తుందో చూశారు. అసలు సరుకు ఒక్క గ్రాము కూడా అక్కడికి పోలేదు.

వెలిగొండ_మలుపు | మార్కాపురం
బాబాయ్ గారూ, ఒక సందేహం. మన గ్రానైట్ గట్టి రాయి కదా. ఫిన్‌లాండ్ వాళ్లు ఓల్కిలువోటోలో అట్టాంటి రాతిలోనే 400 మీటర్లకి పైగా తవ్వి వాడిన ఇంధనం పెట్టడానికి సిద్ధం చేసుకున్నారు. వాళ్ల రాయి మంచిదీ మన రాయి చెడ్డదీనా? నేను పెట్టమని అనట్లేదు. అడుగుతున్నా.

కనిగిరి_నీళ్లు | కనిగిరి
దీనికి నేను చెప్తా. రాయి గట్టిదే, పగుళ్ల సంగతేంది? మా కనిగిరి, దర్శి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎవరూ తెచ్చి పొయ్యలా. రాతిలో ఉన్న ఖనిజం నుంచి నీళ్లు కొంచెం కొంచెంగా కరిగించుకుని పగుళ్ల గుండా వచ్చి మా బిందెల్లో పడతన్నాయి. పళ్లు గారపట్టినోళ్లు, నడుములు వంగినోళ్లు మా వీధిలోనే ఉన్నారు. భూమిలో పెట్టింది పెట్టినట్టే ఉంటదని మా ఊళ్లో ఎవరికీ చెప్పలేరు.

ఇంకోటి. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది, మా తాత ఇప్పటికీ దాని గురించి చెప్తాడు. మొన్న 2024 డిసెంబర్లో ముండ్లమూరు, తాళ్లూరు వైపు ఇళ్లల్లో గిన్నెలు కదిలినాయి. పెద్దవి కాదు. కానీ స్థలం ఎంచే వాళ్లు ఇవన్నీ లెక్కలోకి తీసుకోవాలి కదా.

గెలాక్సీ_చిన్నోడు | చీమకుర్తి
మా గుంటల సంగతి నేను చెప్తా. మోటార్లు ఆపితే వానాకాలం ఒక్కటి చాలు, సగానికి నీళ్లు నిలబడతాయి. మా పాత గుంటలో నీళ్లు పచ్చగా, పైనుంచి చూస్తే చెరువులాగే ఉంటది. గోడల్లో పగుళ్ల దగ్గర తడి ఊరతా ఎండాకాలం కూడా కారుద్ది. ఇక పేలుళ్లకి ఎంత లోపలిదాకా రాయి అదిరిందో ఎవరికి తెలుసు.

సైదాపురం_అబ్రకం | సైదాపురం
మా వైపు పాత మైకా గనులు కూడా అంతే. మా నాయన మైకా గనిలో మేస్త్రీగా చేసినోడు. పంపు ఆపితే గని పోయినట్టే అనేవోడు. లోపల నీళ్లు తోడే పనికే ఎంతమంది ఉండేవాళ్లో. ఇప్పుడు ఆ బావులన్నీ నీళ్లే. పిలకాయలు ఈతకి దిగి చచ్చిపోయిన సంగతులు కూడా ఉండాయి. ఎవడో గుంట ఉండాది కదా అని సరుకు తెచ్చి పోస్తే అది సరాసరి నీళ్లలో పోసినట్టే.

కెమిస్ట్రీ_మాస్టారు | కావలి
రాయి గురించి మీరందరూ చెప్పింది సరిగ్గా ఉంది. ఫిన్‌లాండ్ వాళ్లు కూడా రాతిని ఒక్కదాన్నే నమ్ముకోలేదు. ఇంధనం రాగి డబ్బాలో, దాని చుట్టూ నీళ్లు తగిలితే ఉబ్బే బెంటొనైట్ బంకమన్ను, ఆ తర్వాతే రాయి. తెరిచి వదిలేసిన క్వారీకీ దానికీ పోలికే లేదు.

కానీ మనం ఇంకా సగమే మాట్లాడుకున్నాం. స్థలం బాగుంటే సరిపోతుందా? ఆ స్థలంలోకి ఏది రానివ్వాలి, ఏది గేటు దగ్గరే వెనక్కి పంపాలి అన్నది రెండో సగం. నా ఉద్దేశంలో అదే పెద్ద సగం. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2011లో వేసిన భద్రతా ప్రమాణాల్లో దీనికి విడిగా ఒక నిబంధన ఉంది. లోపలికి తీసుకునే షరతులు ఆ స్థలం భద్రతా లెక్కల్లోంచే పుట్టాలి, పని జరిగే కాలానికీ మూసిన తర్వాతి కాలానికీ రెండిటికీ సరిపోవాలి అంటుంది. అంటే ఒక చోట పనికొచ్చిన షరతులు ఇంకో చోటికి కాపీ కొట్టడానికి లేదు.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రం కార్ల్స్‌బాడ్ దగ్గర ఉన్న విప్ అనే కేంద్రం. 1999 మార్చిలో మొదలైంది. 655 మీటర్ల లోతున, సుమారు 25 కోట్ల ఏళ్ల నాటి ఉప్పు పొరలో గదులు తవ్వారు. అణ్వాయుధాల తయారీలో మిగిలిన ప్లూటోనియం అంటిన చెత్తకే అది. ఉప్పు ఎందుకంటే, అక్కడ పారే నీళ్లు ఉంటే ఉప్పు ఎప్పుడో కరిగి పోయుండేది. పైగా ఉప్పు మీద బరువు పడితే మెల్లగా జరిగి గదిని తనంతట తనే పూడ్చేస్తుంది.

కనిగిరి_నీళ్లు | కనిగిరి
మాస్టారూ, ఆ గేటు దగ్గర ఏం చూస్తారో చెప్పండి. అదే మాకు కావాల్సింది.

కల్పాక్కం_బాబాయ్ | నెల్లూరు, వేదాయపాలెం
మాస్టారు విప్ సంగతి ఎత్తారు కాబట్టి అక్కడి షరతులే చెబుతా, అవి అందరికీ తెలిసేట్టు బయట ఉన్నాయి. మా దగ్గర అంకెలు వేరు, ఆలోచన అదే.

ముందు ఏ జాతి సరుకు అన్నది. యురేనియం కంటే బరువైన మూలకాల్లో ఆల్ఫా కిరణాలు ఇచ్చేవి, సగం ఆయుష్షు 20 ఏళ్లు దాటినవి, గ్రాముకి 100 నానోక్యూరీల (రేడియోధార్మికత కొలత) కంటే ఎక్కువ ఉంటేనే అక్కడికి అర్హత. అంతకంటే తక్కువుంటే వేరే చోటికి. మరీ ఘాటైన ద్రవాల నుంచి వచ్చిందీ, వాడిన ఇంధనమూ అక్కడికి రాకూడదని చట్టమే చెప్పింది. మొత్తం ఎంత పెట్టాలన్నదానికీ 1992 చట్టంలోనే గరిష్ఠం ఉంది, 1,75,564 ఘనపు మీటర్లు.

తర్వాత డ్రమ్ము. మామూలుది 208 లీటర్లది. లోపల కదిలే ద్రవం డ్రమ్ము పరిమాణంలో ఒక శాతానికి మించకూడదు. ద్రవం ఉంటే డ్రమ్ము తుప్పు పట్టినప్పుడు ముందు బయటికి వచ్చేది అదే. ఒత్తిడి పట్టిన గ్యాస్ డబ్బాలు, పేలేవి, గాలి తగిలితే అంటుకునేవి, తినేసే యాసిడ్లు, ఇవేవీ రాకూడదు. ఒక చిన్న స్ప్రే డబ్బా కనపడినా డ్రమ్ము మొత్తం ఆగిపోతుంది.

డ్రమ్ము మూతకి ఫిల్టర్ పెట్టిన చిన్న రంధ్రం తప్పనిసరి. రేడియేషన్‌కి ప్లాస్టిక్, తడి విడిపోయి హైడ్రోజన్ పుడుతుంది. గాలిలో 4 శాతం చేరితే చాలు అంటుకోడానికి. బిగించి మూసేస్తే డ్రమ్మే బాంబు. అందుకని గ్యాస్ పోవాలి, దుమ్ము పోకూడదు.

ప్లూటోనియంకి ఇంకో కట్టడి. ఒక డ్రమ్ములో ప్లూటోనియం 239 లెక్కలో 200 గ్రాములు మించకూడదు. ఎక్కువ ఒకచోట చేరితే గొలుసు చర్య మొదలయ్యే అవకాశం రాకుండా ఇది.

బయట డోస్ మీటర్ పెడితే గంటకి 200 మిల్లీరెమ్ (రేడియేషన్ మోతాదు కొలత) లోపు ఉంటేనే మనుషులు దగ్గరికి పోయి ఎత్తే రకం. అది గంటకి 2 మిల్లీసీవర్ట్. మనకి ఏడాది పొడుగునా ప్రకృతి నుంచి వచ్చేది ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్. లెక్క మీరే వేసుకోండి. అంతకు మించితే మందమైన కవచంలో పెట్టి యంత్రాలతోనే ఎత్తాలి. ఇక డ్రమ్ము పైన స్వైప్ తీస్తాం. ఒక చిన్న గుండ్రటి వడపోత కాగితంతో 100 చదరపు సెంటీమీటర్ల మేర రుద్ది కౌంటర్లో పెట్టడం. ఆల్ఫా అయితే నిమిషానికి 20 విఘటనలు (పరమాణువులు విడిపోవడం) దాటకూడదు. ఈ పని నేను ఎంతమంది కుర్రాళ్లకి నేర్పానో. మూత అంచు కింద, అడుగు మడత దగ్గర రుద్దమంటే వినకుండా నునుపుగా ఉన్న చోట రుద్ది వచ్చేవాళ్లు. మురికి ఎప్పుడూ మడతలోనే ఉంటుంది.

వెలిగొండ_మలుపు | మార్కాపురం
ఇన్ని షరతులుంటే ఇక భయం దేనికి?

రొయ్యలగుంట | కావలి
షరతులు కాగితం మీద ఉంటాయి సామీ. మా రొయ్యలకి యాంటీబయాటిక్ వాడలేదన్న సర్టిఫికెట్ కూడా కాగితం మీదే ఉంటది. డ్రమ్ము లోపల ఏముందో గేటు దగ్గర ఉన్నోడికి ఎట్టా తెలుసు? మూత తీసి చూస్తాడా?

కెమిస్ట్రీ_మాస్టారు | కావలి
మూత తీయరు. తీస్తే అదే పెద్ద ప్రమాదం. ఎక్స్‌రే లాంటి దాంతో లోపలిది తెర మీద చూస్తారు. డ్రమ్మును కదిలించి ద్రవం ఊగుతుందా లేదా చూస్తారు. రేడియేషన్ కొలిచి ఏ ఐసోటోపులు, అంటే ఏ రకం రేడియోధార్మిక పరమాణువులు, ఎంతున్నాయో లెక్కగడతారు. అన్నిటికీ ముందు, ఆ చెత్త ఏ గదిలో ఏ పని నుంచి వచ్చింది, దానిలో ఏమేం కలిపారు అన్న చరిత్ర ఉండాలి. అయినా రొయ్యలగుంట గారు అడిగింది సరైన ప్రశ్నే. దీనికి జవాబు 2014 ఫిబ్రవరి 14న దొరికింది.

లాస్ అలమోస్ ప్రయోగశాల నుంచి ఒక డ్రమ్ము వచ్చింది, నంబరు 68660. లోపల నైట్రేట్ లవణాలు. అవి తడిగా ఉంటాయి కాబట్టి ద్రవం ఒక శాతం మించకూడదన్న షరతు కోసం పీల్చే పదార్థం కలపాలి. కలపాల్సింది ఖనిజ సంబంధమైన మట్టి లాంటిది. కానీ పని సూచనల్లో సేంద్రియమైనది అని పడింది. దాంతో గోధుమతో చేసిన పిల్లి ఇసుక కలిపారు. అమెరికాలో పెంపుడు పిల్లుల మలమూత్రాల కోసం ఇంట్లో పెట్టుకునేది. పుల్లదనం తగ్గించడానికి ఇంకో సేంద్రియ రసాయనం కూడా పోశారు.

ఇంటర్ పిల్లలకి కూడా ఈ ప్రశ్న ఇవ్వచ్చు. నైట్రేట్ ఆక్సిజన్ ఇచ్చేది, గోధుమ పిండి కాలేది. రెండూ ఒకే డబ్బాలో, లోపల నుంచి మెల్లగా వేడి. తుపాకి మందు తయారీ సూత్రం దీనికి దూరం కాదు. 2013 డిసెంబర్లో నింపిన డ్రమ్ము రెండు నెలలకి భూమి కింద, ఏడో ప్యానెల్ ఏడో గదిలో, మూత ఎగరగొట్టుకుని పగిలింది. రాత్రి 11:14కి గాలి కొలిచే యంత్రం మోగింది. అప్పుడు కింద మనుషులెవరూ లేరు. గాలిని ఫిల్టర్ల వైపు మళ్లించే ఏర్పాటు దానంతట అదే పనిచేసింది, కానీ మూసుకోవాల్సిన తలుపుల సందుల్లోంచి కొంత గాలి ఫిల్టర్ తగలకుండా పైకి పోయింది. పైన పనిచేస్తున్న 22 మందికి చిన్న మోతాదులో ఒంట్లోకి చేరింది. ఆ కేంద్రం దాదాపు మూడేళ్లు మూతపడింది, 2017 జనవరిలో మళ్లీ సరుకు దించారు.

సైదాపురం_అబ్రకం | సైదాపురం
655 మీటర్ల లోతు, 25 కోట్ల ఏళ్ల ఉప్పు, కొట్టింది పిల్లి ఇసుకా! ఏంది సామీ ఇది.

గెలాక్సీ_చిన్నోడు | చీమకుర్తి
మాస్టారూ, ఇది మాకు బాగానే అర్థమవుద్ది. మా దగ్గర ప్రతి బ్లాకు మీదా పెయింట్‌తో నంబరు, కొలతలు ఉంటాయి, లారీతో పాటు పర్మిట్ పోవాలి. చెక్‌పోస్టులో బ్లాకు నంబరూ పర్మిట్ నంబరూ కలిస్తే బండి వదిలేస్తారు. కానీ రాయి లోపల సన్నటి చీలిక ఉంటే అది నంబరులో తెలవదు. గ్యాంగ్‌సాలో పెట్టి కోసినప్పుడే తెలుసుద్ది. ఈ డ్రమ్ము కూడా నంబరు కలిసి లోపలికి పోయినట్టుంది.

కల్పాక్కం_బాబాయ్ | నెల్లూరు, వేదాయపాలెం
చిన్నోడు సరిగ్గా పట్టాడు. ఆ డ్రమ్ము ఎక్స్‌రే పరీక్ష దాటింది, ద్రవం షరతు దాటింది, డోస్ దాటింది. అంటుకునే గుణమున్న వ్యర్థం అన్న వర్గం దాని కాగితాల్లో పడాల్సింది, పడలేదు. ఎక్స్‌రేలో గోధుమకీ మట్టికీ తేడా కనపడదు.

అందుకే మా పనిలో అందరికంటే ముఖ్యమైనోడు గేటు దగ్గరోడు కాదు, నింపేవాడు. ప్యాకింగ్ బల్ల దగ్గర నిలబడి, ఈ సంచి కొత్తది, ఇది జాబితాలో లేదు, నేను వెయ్యను అని చెప్పగలిగినోడు. అట్టా చెప్పినోడిని పై అధికారి కసరకూడదు. ఇది షరతుల పుస్తకంలో రాయలేరు.

వెలిగొండ_మలుపు | మార్కాపురం
బాబాయ్ గారూ, అట్టా అనుకుంటే షరతులు అవసరమే లేదు, మంచి మనుషులుంటే చాలు అన్నట్టు అవుద్ది. నేను ఒప్పుకోను. మంచి మనిషి సెలవులో ఉన్న రోజు సంగతేంది?

కెమిస్ట్రీ_మాస్టారు | కావలి
వెలిగొండ గారితో ఏకీభవిస్తా. ఆ ప్రమాదం తర్వాత 2016లో విప్ షరతులే మార్చారు. ఏ రసాయనం పక్కన ఏది ఉంది, కలిస్తే ఏం జరుగుతుంది అన్న పరిశీలన డ్రమ్ము ఒప్పుకునే ముందే రాతపూర్వకంగా జరగాలన్నారు. ఆక్సిజన్ ఇచ్చే లవణాలుంటే ముందే వాటి గుణం పోగొట్టాలన్నారు. లాస్ అలమోస్‌లో మిగిలిపోయిన అదే రకం డ్రమ్ములను మళ్లీ తెరిచి జియోలైట్ అనే ఖనిజంతో కలిపి 2017లో సరిచేశారు. ఒక మనిషి గుర్తుపెట్టుకోవడం మీద వదిలేయలేదు. బాబాయ్ చెప్పిన ధైర్యం కావాలి, ఈ రాత కూడా కావాలి.

టెక్నీషియమ్మ | నెల్లూరు
నేను ఒక పెద్ద ఆసుపత్రిలో న్యూక్లియర్ మెడిసిన్‌లో చేస్తాను, చాలాసేపటి నుంచి చదువుతున్నాను. మా దగ్గర ఇదే పని చిన్న స్థాయిలో రోజూ ఉంటుంది. స్కాన్‌లకి వాడే టెక్నీషియం 99ఎం ఆరు గంటలకి సగం అవుతుంది. ఆ సిరంజులు, దూది సీసం డబ్బాలో పడేసి తేదీ రాసి తాళం వేస్తాం. కొన్ని రోజులు ఆగి, మీటర్ పెట్టి, మామూలు గాలిలో ఉన్నంతే చూపిస్తే అప్పుడు మామూలు ఆసుపత్రి చెత్తలోకి. థైరాయిడ్ జబ్బుకి ఇచ్చే అయోడిన్ 131 ఎనిమిది రోజులకి సగం, ఆ రోగుల టాయిలెట్ నీళ్లు నేరుగా డ్రైనేజీలో కలవవు, డిలే ట్యాంకుల్లో ఆగుతాయి.

మొన్న ఒక కొత్త అమ్మాయి సంచి తెచ్చింది, లేబుల్ మీద ఐసోటోపు పేరుంది, తేదీ లేదు. మా రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ తీసుకోలేదు. "నిన్నటిదే సార్" అంటే "నిన్నటిదని ఎవరు రాశారు" అన్నారు. ఆ అమ్మాయి ఏడుపు మొహం పెట్టింది. చివరికి ఆ సంచి ఆ రోజుదే అన్న లెక్కలో పెట్టి, ఆ రోజు తేదీ రాసి తాళం వేశారు. తెలియనప్పుడు ఎక్కువ ప్రమాదం ఉన్నదనుకోవడమే మా పద్ధతి.

రొయ్యలగుంట | కావలి
ఇది బాగుందమ్మా. తెలియనప్పుడు ఎక్కువ ప్రమాదం అనుకోవడం. మా ఆక్వా వాళ్లకి ఎవరైనా ఇది నేర్పితే బాగుండు.

ఒంగోలు_వకీలు | ఒంగోలు
చట్టం సంగతి క్లుప్తంగా. రేడియోధార్మిక వ్యర్థాలు ఎవరు ఎక్కడ పారవేయాలన్నా ముందు అనుమతి కావాలని 1987లోనే నియమాలు వచ్చాయి. ఆ అనుమతి ఒక ఫలానా స్థలానికి, ఫలానా రకం సరుకుకి, ఫలానా పరిమాణానికి ఇస్తారు. ఏం పెట్టారో రికార్డు ఉంచాలి. గ్రానైట్ లీజు ఉన్న గుంట గనుల శాఖ లెక్కలో ఉంటుంది, దాన్ని అణుశక్తి విభాగం వాడుకోవాలంటే భూమి మార్పిడి దగ్గర్నుంచి కాగితాలు కదలాలి. రాత్రికి రాత్రి జరిగే పని కాదు. చిన్నోడు గారికి అంతగా అనుమానం ఉంటే సమాచార హక్కు కింద జిల్లా గనుల కార్యాలయానికి ఒక దరఖాస్తు, తహసీల్దారు కార్యాలయానికి ఒకటి. జిల్లా కార్యాలయానికి పది రూపాయలు, మండల కార్యాలయానికి ఐదు రూపాయల ఫీజు.

అయితే కాగితాలు సరిగ్గా ఉంచని చోట ఏమైందో కూడా చెప్పాలి. జర్మనీలో ఆస్సె అనే పాత ఉప్పు గని. 1967 నుంచి 1978 దాకా 1,25,787 డ్రమ్ములు దించారు. చివరి సంవత్సరాల్లో లోడర్‌తో ఎత్తి వాలు మీద దొర్లించి పైన ఉప్పు కప్పారు, వాటి ఫోటోలు కూడా ఉన్నాయి. 1988 నుంచి ఆ గనిలోకి రోజుకి సుమారు 12 ఘనపు మీటర్ల ఉప్పు నీరు చేరుతోంది. డ్రమ్ములన్నీ మళ్లీ పైకి తీయాలని 2013లో చట్టమే చేశారు. కానీ ఏ డ్రమ్ములో ఏముందో పాత రికార్డు నమ్మేలా లేదు. తీసేవాళ్లకి అదే పెద్ద తలనొప్పి.

కనిగిరి_నీళ్లు | కనిగిరి
చూశారా. ఉప్పు గని కూడా తడిసింది. మాస్టారు ఉప్పు ఉంటే నీళ్లు లేనట్టే అన్నారు.

కెమిస్ట్రీ_మాస్టారు | కావలి
పారే నీళ్లు లేని చోటే ఉప్పు మిగులుతుంది, ఆ మాట నిలుస్తుంది. ఆస్సె అంతకు ముందు దశాబ్దాల పాటు ఉప్పు తీసిన గని. పక్క రాతికి చాలా దగ్గరగా తవ్వేశారు, గదులు వరుసగా ఖాళీగా ఉండి గోడలు కుంగాయి. విప్‌ని వ్యర్థాల కోసమే కొత్తగా తవ్వారు. పాత గని, పాత క్వారీ ఉంది కదా అని వాడుకుందామంటే వచ్చే చిక్కు అదే, చిన్నోడి మొదటి ప్రశ్నకి జవాబు కూడా అదే. అది ఇంకో పని కోసం తవ్విన గుంట.

సైదాపురం_అబ్రకం | సైదాపురం
10,000 ఏళ్ల లెక్క అని ఎక్కడో విన్నా. ఎవరుంటారు అప్పుడు చూడటానికి?

కల్పాక్కం_బాబాయ్ | నెల్లూరు, వేదాయపాలెం
విప్‌కి ఆ షరతు ఉంది. 10,000 ఏళ్లలో బయటికి ఎంత రావచ్చో లెక్క చూపాలి, ఒక మనిషికి ఏడాదికి 15 మిల్లీరెమ్ మించకూడదు. ఎవడో తెలియక బోరు వేస్తే ఏమవుతుందన్నది కూడా ఆ లెక్కలో ఉంటుంది. అయిదేళ్లకొకసారి మళ్లీ లెక్క చూపి ధ్రువీకరణ తెచ్చుకోవాలి. ప్లూటోనియం 239 సగం కావడానికే 24,100 ఏళ్లు, కాబట్టి 10,000 కూడా తక్కువే అని వాదించేవాళ్లున్నారు. నాకైతే ఆ వాదనలో పస ఉంది. అయితే ఈ లెక్క ఎంత దూరం పోయినా డ్రమ్ములో ఏముందన్న పట్టిక సరిగ్గా లేకపోతే మొదటి అంకె దగ్గరే తప్పుతుంది.

టెక్నీషియమ్మ | నెల్లూరు
ఇంకో మాట చెప్పి వెళ్తాను, డ్యూటీ ఉంది. మనవైపు జనం భయపడాల్సింది క్వారీ గురించి కాదు, పాత ఇనుము కొట్ల గురించి. 2010 ఏప్రిల్లో ఢిల్లీ మాయాపురిలో ఒక విశ్వవిద్యాలయం వేలం వేసిన పాత యంత్రంలో కోబాల్ట్ 60 ఉండిపోయింది. తుక్కు కొట్టులో దాన్ని కోశారు. ఒక మనిషి చనిపోయాడు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. అది ఏ నిల్వ కేంద్రం గేటు దగ్గరికీ రాలేదు. వాడటం అయిపోయిన రేడియోధార్మిక సోర్సు, తయారుచేసిన వాళ్లకి తిరిగి పోవాలన్నది నియమం. పోలేదు, అంతే.

గెలాక్సీ_చిన్నోడు | చీమకుర్తి
మేడం, మా క్వారీల చుట్టూ తుక్కు కొట్లు బోలెడు. పాత కంప్రెసర్లు, డ్రిల్లు సామాను అన్నీ అక్కడికే పోతాయి. అట్టాంటిది కనపడితే ఎట్టా గుర్తుపట్టాలి?

టెక్నీషియమ్మ | నెల్లూరు
పసుపు మీద నల్లటి మూడు రెక్కల గుర్తు. రంగు పోయుండొచ్చు, చెక్కిన గుర్తు మాత్రం మిగలచ్చు. రెండోది బరువు. చిన్న డబ్బా సైజుకి మించి బరువుగా ఉంటే లోపల సీసం కవచం ఉండొచ్చు. కొయ్యొద్దు, ముట్టుకోవద్దు, ఫోటో కోసం దగ్గరికి పోవద్దు. మనుషుల్ని దూరం పంపి 112కి ఫోన్ చెయ్యండి, గుర్తు సంగతి మొదటి వాక్యంలోనే చెప్పండి. వచ్చిన పోలీసులు కూడా దాన్ని ఎత్తి జీపులో వేసుకోకుండా చూడండి.

గెలాక్సీ_చిన్నోడు | చీమకుర్తి
సరే మేడం. ఆ గుర్తు బొమ్మ ప్రింటు తీయించి మా రోడ్డులో తుక్కు కొట్లకి రేపే ఇస్తా. చుట్టాల గ్రూపులో ఎవరు పంపారో రుజువు అడిగా, ఇంతవరకూ జవాబు లేదు. పెద్దమ్మ పొలం అమ్మట్లేదు, కానీ వకీలు గారు చెప్పిన దరఖాస్తు పెట్టమంటంది. సోమవారం ఒంగోలు పోతా.

ఒంగోలు_వకీలు | ఒంగోలు
దరఖాస్తులో "నిజమా కాదా" అని అడగొద్దు, జవాబు రాదు. ఫలానా సర్వే నంబర్ల లీజు ప్రస్తుతం ఎవరి పేరున ఉంది, మార్పిడి కోసం ఏదైనా శాఖ నుంచి లేఖ వచ్చిందా, వస్తే నకలు ఇవ్వండి అని అడగండి. సర్వే నంబర్లు నాకు మెసేజ్ చెయ్యండి, నమూనా రాసి పంపుతా.